ఇంట్లో పిల్లలతో కలిసి భక్తి: మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలు, జవాబులు

ఉత్సాహంగా మొదలైన కుటుంబ ప్రార్థన మూడు వారాలకే ఆగిపోవడం చాలా ఇళ్ళలో జరిగేదే. పిల్లలు మొండివాళ్ళనో, పెద్దవాళ్ళకు భక్తి తక్కువనో అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు తప్పు వేళలోనో నిడివిలోనో ఉంటుంది. సండే స్కూల్ టీచర్లనూ సంఘ పెద్దలనూ తల్లిదండ్రులు తరచూ అడిగే సందేహాలను పిల్లల వయసు ప్రకారం ఇక్కడ చేర్చాం. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్ట్, కథోలిక, పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మాకు టైమే దొరకదు. కుటుంబ ప్రార్థన ఎప్పుడు పెట్టుకోవాలి?

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 7వ వచనంలో నాలుగు వేళలు ఉన్నాయి: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఇవి మీ ఇంట్లో ఎలాగూ ఉన్నవే కాబట్టి కొత్తగా వేళ వెతుక్కోనక్కర్లేదు. మొదటి నెల వీటిలో ఒక్కదాన్నే పట్టుకోండి. స్కూలు బస్సు ఏడుంపావుకి వచ్చే ఇంట్లో పొద్దున్నే ప్రార్థన పెట్టుకుంటే లంచ్ బాక్సుల హడావిడిలో కేకలతో మొదలై కేకలతోనే ముగుస్తుంది. అలాంటి ఇంటికి రాత్రి మేలు, అదీ అన్నానికి ముందు. తిన్నాక కూర్చోబెడితే చిన్నవాళ్ళు రెండో వచనానికే తూగుతారు.

ఇంకొక మాట. "ఎనిమిదింటికి" అని గడియారానికి ముడిపెట్టకండి. "కంచాలు పెట్టే ముందు" అని పనికి ముడిపెట్టండి. చుట్టాలొచ్చిన రోజు ఎనిమిది ఎప్పుడు దాటిందో తెలియదు. కంచాలు పెట్టని రోజు మాత్రం ఉండదు కదా.

ఎంతసేపు చేయాలి? ఏది ముందు, ఏది తర్వాత?

పది నిమిషాలు చాలు. ఒక పాట రెండు నిమిషాలు, పది పన్నెండు వచనాల చదువు మూడు నిమిషాలు, దాని మీద ఒకే ఒక్క ప్రశ్న రెండు నిమిషాలు, ప్రార్థన మూడు నిమిషాలు. పాట ముందు ఉండాలి. పక్క గదిలో ఉన్నవాళ్ళు అది విని వచ్చి కూర్చుంటారు, పిలిచే పని ఉండదు. పాట నెలకొకటి చాలు. రోజుకో కొత్త పాట పెడితే పిల్లలకు పల్లవి దాటి ఏదీ రాదు, నెలంతా ఒకటే పాడితే చరణాలన్నీ వస్తాయి. చదివాక అడిగే ప్రశ్న "దీని నుంచి ఏం నేర్చుకున్నావ్?" అని ఉంటే పిల్లలు నేర్చిన జవాబే చెబుతారు: "దేవుణ్ణి నమ్మాలి." దానికి బదులు, తుఫానులో శిష్యుల పడవ కథ చదివిన రోజు "ఆ పడవలో నువ్వుంటే ఏం చేసేవాడివి?" అనండి. పిల్లలు ఇంకా కావాలనుకుంటున్నప్పుడే ఆపేయండి.

మా మావయ్యగారు ప్రార్థన మొదలుపెడితే ఇరవై నిమిషాలు. పిల్లలు విసుగెత్తిపోతున్నారు. ఆయనకు ఎలా చెప్పాలి?

ఆపమని చెప్పొద్దు, వరుస మార్చమని అడగండి. "మావయ్యగారూ, ముందు పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవించండి, వాళ్ళు హోంవర్క్‌కి వెళ్తారు. తర్వాత మనం మెల్లగా చేసుకుందాం" అంటే ఏ పెద్దాయనా కాదనరు. తాతయ్య చెయ్యి తల మీద పడటం పిల్లలకు పెద్దయ్యాక కూడా గుర్తుండిపోయే విషయం. సుదీర్ఘ విజ్ఞాపన పెద్దలకు అవసరమే, కానీ ఆరేళ్ళ పిల్లకు అది మోకాళ్ళ నొప్పిగానే మిగులుతుంది.

మా ఆయన విశ్వాసి కాదు. నేనొక్కదాన్నే పిల్లల్ని భక్తిలో పెంచగలనా?

పెంచగలరు. తిమోతి తల్లి యూనీకే, అవ్వ లోయి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ప్రకారం అతని తండ్రి గ్రీసుదేశస్థుడు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఆ ఇద్దరు ఆడవాళ్ళ విశ్వాసాన్నే పేర్లతో తలుచుకున్నాడు. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టే వేళ మీ చేతిలో ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. రోజూ పిల్లలతో "ప్రభువా, నాన్నని మార్చు" అని పైకి చెప్పించడం. తండ్రికి అది అవమానం, పిల్లలకు నాన్న ఒక లోపమున్న మనిషి. నాన్న ఆరోగ్యం కోసం, పని కోసం పేరుపెట్టి ప్రార్థించమనండి. మిగతాది మీరు ఒంటరిగా మోకరించినప్పుడు అడగండి. ఆయన వద్దంటే దొంగచాటుగా చర్చికి తీసుకెళ్ళి "నాన్నకు చెప్పకు" అనకండి. భక్తి పేరుతో అబద్ధం నేర్పినట్టవుతుంది.

బైబిల్ తెలుగు మా పిల్లలకు అర్థం కావట్లేదు. ఇంగ్లిష్‌లో చదివించమంటారా?

చాలా ఇళ్ళలో ఉన్నది గ్రాంథిక తెలుగు బైబిల్. 23వ కీర్తనలో "లేమి" అంటే ఏమీ లేకపోవడం అని ఈ తరం పిల్లలకు తెలియదు. "దుడ్డుకఱ్ఱ" చదివి డబ్బుల కర్ర అనుకునే పిల్లలు ఉంటారు, కొన్ని ప్రాంతాల్లో దుడ్డు అంటే డబ్బే మరి. అది గొర్రెల కాపరి చేతిలో ఉండే మోటుకర్ర, మృగాన్ని కొట్టడానికి. చదివే ముందే ఆ రోజు భాగంలో రెండు మూడు కష్టమైన మాటలు ఏరి, అర్థం చెప్పి, తర్వాత చదవండి. మధ్యలో ఆపి చెబితే కథ తెగిపోతుంది. తెలుగు అక్షరాలు రాని పిల్లల్ని ఇంగ్లిష్‌లోనే చదవనీయండి, పెద్దవాళ్ళు అదే భాగం తెలుగులో బిగ్గరగా చదవండి. వాడుక భాష అనువాదాలూ దొరుకుతాయి. అయినా ఆ పాత వాక్యాల లయ పిల్లల చెవిన పడాలి. అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రార్థించేది ఆ మాటలతోనే, ఆ భాష రాకపోతే వాళ్ళ ప్రార్థన పిల్లలకు పరాయిదవుతుంది.

## ఐదేళ్ళ లోపు

మాటలు సరిగా రాని పాపకు ప్రార్థన ఎలా నేర్పాలి?

ఏడాదిన్నర పాప చేతులు జోడించడం చూసి నేర్చుకుంటుంది, "ఆమెన్" అంటుంది. అది చాలు. మూడేళ్ళకు మూడు ముక్కలు: ఒక థాంక్యూ, ఒక సారీ, ఒక ప్లీజ్. "యేసయ్యా, మామిడిపండుకి థాంక్యూ. తమ్ముణ్ణి కొరికినందుకు సారీ. అమ్మమ్మ కాలు బాగు చెయ్యి ప్లీజ్." నాలుగైదేళ్ళకు వేళ్ళ ప్రార్థన బాగా పనికొస్తుంది. గుండెకు దగ్గరగా ఉండే బొటనవేలికి ఇంట్లోవాళ్ళు, చూపుడువేలికి టీచర్లు, నడిమి వేలికి దేశాన్ని నడిపేవాళ్ళు, బలం తక్కువైన ఉంగరపువేలికి జబ్బుపడ్డవాళ్ళు, చిటికెనవేలికి తను. పరలోక ప్రార్థన ఒకేసారి అప్పజెప్పించొద్దు. వారానికొక వాక్యం చొప్పున మీతో కలిపి అంటూ ఉంటే రెండు మూడు నెలల్లో దానంతటదే వస్తుంది.

ఆరాధన మూడు గంటలు. చంటిపిల్లాడితో ఎలా కూర్చోవాలి?

చాలామంది వెనక కూర్చుంటారు, బయటికి వెళ్ళడం తేలికని. కానీ వెనక నుంచి పిల్లాడికి కనిపించేది ముందువాళ్ళ వీపులే. ముందు నుంచి రెండో మూడో వరుసలో, పక్క అంచున కూర్చోండి. తబలా, కంజరి వాయించేవాళ్ళు కనిపిస్తే వాడికి సగం పొద్దు అలాగే గడిచిపోతుంది. సంచిలో మంచినీళ్ళు, మరమరాలు, చప్పుడు చేయని బొమ్మ ఒకటి, బట్టల జత. ఫోన్ ఇవ్వొద్దు. ఒక్కసారి ఇస్తే వచ్చే ఆదివారం ప్రార్థన మొదలవగానే చెయ్యి చాపుతాడు. పాటలప్పుడు లోపల ఉంచి, ప్రసంగం మధ్యలో ఒక పది నిమిషాలు బయట నడిపించి, మళ్ళీ తీసుకురండి. ఆడవాళ్ళు, మగవాళ్ళు చెరోవైపు కూర్చునే చర్చిల్లో పిల్లలంతా తల్లి వైపే పడుతుంటారు. ఒకరినైనా నాన్న తన పక్కన కూర్చోబెట్టుకోవాలి.

"దేవుడు చూస్తున్నాడు, కళ్ళు పోతాయ్!" అని మా అమ్మ పిల్లల్ని భయపెడుతుంది. పర్వాలేదా?

పర్వాలేదని చెప్పలేం. ఆ పూటకు పిల్లాడు మాట వింటాడు, కానీ దేవుడంటే దాక్కుని పట్టుకునే పోలీసు అనుకుంటాడు. రాత్రి చీకట్లో భయం వేసినప్పుడు ఆ దేవుణ్ణి పిలవడు. "దేవుడు చూస్తున్నాడు" అనే మాటను మంచి చోట వాడండి: "నువ్వు చెల్లికి సగం చాక్లెట్ ఇచ్చావు చూడు, నేను చూడలేదు గానీ యేసయ్య చూశాడు." అమ్మమ్మతో వాదించనక్కర్లేదు, ఆమె విన్నప్పుడల్లా ఇలా అంటూ ఉంటే ఆమె మాటా మెల్లగా మారుతుంది. అలాగే ప్రార్థననూ వచనం రాయడాన్నీ శిక్షగా వేయొద్దు. వంద సార్లు రాయించిన వచనం మీద జీవితాంతం కసి ఉంటుంది.

తాతయ్య చనిపోయారు. నాలుగేళ్ళ బాబుకి ఏం చెప్పాలి?

ప్రేమతో అన్నా చేటు చేసే మాటలు రెండు. "తాతయ్య నిద్రపోయాడు" అంటే చిన్నపిల్లలు నిద్రకు భయపడతారు. "మంచివాళ్ళని దేవుడు తీసుకెళ్ళిపోతాడు" అంటే అమ్మను కూడా తీసుకెళ్తాడేమోనని కొంగు వదలరు. నేరుగా చెప్పండి: "తాతయ్య చనిపోయారు. ఆయన శరీరం ఇక కదలదు, నొప్పి కూడా తెలియదు. ఆయన యేసయ్య దగ్గర ఉన్నారు. మనకు బెంగగా ఉంది, ఏడవొచ్చు." యోహాను 11వ అధ్యాయంలో స్నేహితుడు లాజరు సమాధికి వెళ్తూ యేసు కూడా కన్నీళ్ళు విడిచాడు. కాసేపటికి లేపబోతున్నాడని తెలిసి కూడా ఏడ్చాడు. పిల్లాడు అదే ప్రశ్న ఇరవై సార్లు అడుగుతాడు, ఇరవై సార్లూ అదే జవాబు చెప్పండి. మాట మారితే బెదురు పెరుగుతుంది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన జరిగే ఊళ్ళలో బాబునీ తీసుకెళ్ళండి. పువ్వులు వాడి చేత్తోనే పెట్టించండి.

## ఆరు నుంచి పదకొండేళ్ళు

బైబిల్ ఎక్కడి నుంచి చదివించాలి? ఆదికాండము నుంచి మొదలుపెడితే ఆగిపోయాం.

అలా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది నిర్గమకాండము 25 తర్వాత, ప్రత్యక్షగుడారపు కొలతల దగ్గర ఆగిపోతారు. పిల్లలతో మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, పరుగు మీద సాగుతుంది. రోజుకు 12 వచనాల చొప్పున రెండు నెలల్లో అయిపోతుంది. తర్వాత యోనా, నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు, నాలుగు రాత్రులు. తర్వాత రూతు, అదీ నాలుగే. అత్తాకోడళ్ళ కథ కాబట్టి మన ఇళ్ళలో అందరూ వింటారు. సామెతలకు 31 అధ్యాయాలున్నాయి, వేసవి సెలవుల్లో తేదీని బట్టి ఆ అధ్యాయం నుంచి ఒకటి రెండు వచనాలు తీసుకోవచ్చు. ప్రయాణపు రోజుల్లో 117వ కీర్తన చదవండి, రెండే వచనాలు. ఆ రోజూ తప్పలేదనిపిస్తుంది.

కంఠత వాక్యాలు శనివారం రాత్రి నేర్పితే బుధవారానికి మర్చిపోతున్నారు. ఎలా?

ఒకే రాత్రి బట్టీ పట్టించడమే కారణం. వారానికి ఒక్క వచనం, ఏడు రోజులకూ పంచండి. ఆదివారం పిల్లలే అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాలి. సోమ, మంగళవారాల్లో చూసి చదవడం. బుధవారం నుంచి రోజుకు రెండు మాటల మీద కాగితం అంటించి దాచడం. శనివారానికి మొత్తం మూసేయాలి. రిఫరెన్స్ ముందూ చెప్పాలి, చివరా చెప్పాలి, అప్పుడే అది గుర్తుంటుంది. నెలలో చివరి వారం కొత్తది వద్దు, పాతవి అప్పజెప్పడమే. స్కూటర్ మీద స్కూలుకు వెళ్ళే దారి దీనికి మంచి చోటు: మీరు సగం అనండి, వెనక నుంచి మిగతా సగం వాళ్ళు అంటారు.

మొదటి వచనం చిన్నదే పెట్టండి. యోహాను 11:35, "యేసు కన్నీళ్ళు విడిచెను." మూడు మాటలు, ఆరేళ్ళవాడికి వెంటనే గెలిచినట్టుంటుంది.

కానుక ఇవ్వడం ఎలా అలవాటు చేయాలి?

చర్చి గుమ్మం దగ్గర జేబులోంచి పది నోటు తీసి పిల్లాడి చేతిలో పెడితే వాడు నేర్చుకునేది మీ డబ్బు సంచిలో వేయడం. శనివారం రాత్రే, వాడి డబ్బులోంచే తీయించండి. మూత ఉన్న డబ్బాలు మూడు: దేవునికి, దాచుకోవడానికి, ఖర్చుకి. వారానికి 50 రూపాయలిస్తే పది రూపాయి బిళ్ళలూ రెండు ఇరవై నోట్లూ ఇవ్వండి. దశమభాగం ఐదు రూపాయలు ముందు పక్కకు పెట్టాలి, మిగిలిన దాంట్లోంచి కాదు. దశమభాగం తప్పనిసరా అన్నదాని మీద సంఘాలకు వేర్వేరు బోధలున్నాయి. "ముందు ఇచ్చి, తర్వాత ఖర్చు" అన్న అలవాటు మాత్రం అన్నిచోట్లా మంచిదే.

డబ్బు లేని ఇంట్లో పిడికెడు బియ్యం ఉంది. అత్తెసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. మిజోరంలో ఆడవాళ్ళు 1910 నుంచి ఇలా చేస్తున్నారు, దాన్ని బుహ్‌ఫై థమ్ అంటారు. పిడికెడు పిల్లల చేత్తో తీయించండి.

"ప్రార్థన చేశాను కదా, మార్కులు ఎందుకు తగ్గాయి?" అంటోంది. ఏం చెప్పాలి?

"నీకు విశ్వాసం చాల్లేదు" అనొద్దు. తొమ్మిదేళ్ళ పిల్ల మీద అంత బరువు వేయకూడదు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. ఆ కథ చెప్పి, తర్వాత పేపరు దగ్గర కూర్చుని ఏ లెక్క ఎక్కడ తప్పిందో చూడండి. పరీక్షకు ముందు చేసే ప్రార్థన కూడా మార్చుకుంటే మంచిది: "ఫస్ట్ ర్యాంక్ ఇవ్వు" కాకుండా "చదివింది గుర్తు చెయ్యి, భయం తీసెయ్యి, పక్కవాడి పేపర్లోకి చూడకుండా కాపాడు."

పక్కింటివాళ్ళు ప్రసాదం ఇస్తే పిల్లలు ఏం చేయాలి?

దీని మీద పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు ఉన్నాయి. విగ్రహం వట్టిదే అంటాడు, అయినా బలహీనుడి మనస్సాక్షికి దెబ్బ తగలకూడదంటాడు. దానికి అర్పించిందని ఎవరైనా చెబితే చెప్పినవాడి కోసం తినొద్దంటాడు. తెలుగు సంఘాల్లో ఎక్కువమంది తినొద్దనే బోధిస్తారు. పెద్దవాళ్ళు ముందే నిర్ణయించుకుని పిల్లలకు ఒకే మాట నేర్పాలి. గుమ్మం దగ్గర ఆ క్షణంలో పిల్లాడు నిర్ణయించుకోలేడు. రెండు చేతులూ జోడించి, "థాంక్యూ ఆంటీ, మా ఇంట్లో ప్రసాదం తీసుకోం, ఏమీ అనుకోకండి." తీసుకుని చెత్తలో పడేయడం అన్నిటికంటే ఘోరం. పక్కింటివాళ్ళకు తెలిస్తే ఏళ్ళ స్నేహం పోతుంది, పిల్లలకు తెలిస్తే ఎదుటివాళ్ళ నమ్మకాన్ని కించపరచడం నేర్చుకుంటారు. క్రిస్మస్‌కి అరిసెలు, కజ్జికాయలు, కేకు పళ్ళెంలో సర్ది పిల్లల చేత ఆ ఇంటికే ముందు పంపండి. గాలిపటాలు, ఇంటి ముందు ముగ్గు లాంటివాటిని కొన్ని కుటుంబాలు పండగ ఆటగా చూస్తాయి, కొన్ని దూరంగా ఉంటాయి. మీ ఇంటి నిర్ణయం ఏదైనా దానికి కారణం పిల్లలకు చెప్పండి, ఊరికే "మనం చెయ్యం" అని వదిలేయకండి.

## పన్నెండు దాటాక

పదిహేనేళ్ళ అబ్బాయి చర్చికి రానంటున్నాడు. బలవంతం చేయాలా?

ముందు కారణం తెలుసుకోండి. విశ్వాసం పోయిందని కంగారుపడతాం గానీ చాలాసార్లు అక్కడ తన ఈడువాళ్ళు ఎవరూ లేకపోవడమో, ఎవరో అందరి ముందు ఏదో అనడమో, ఆదివారం టెస్టులతో అలసిపోవడమో ఉంటుంది. ఆదివారం ఆరాధన ఇంటి అలవాటుగా ఉంచండి, తక్కినవాటిలో సడలించండి: యువజన కూడిక, ఉపవాస ప్రార్థన, సువార్త సభలు అతని ఇష్టం. ఒక పని చేతికిస్తే ఇంకా మంచిది. సౌండ్ సిస్టం, గిటార్, కుర్చీలు వేయడం, చిన్నపిల్లలకు వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ బడిలో) ఆటలు ఆడించడం. పని ఉన్నచోటికి టీనేజర్ వస్తాడు. బాప్తిస్మం, నిర్ధారణ (కన్ఫర్మేషన్) తరగతుల కోసం తొందరపెట్టకండి. స్నేహితులంతా తీసుకుంటున్నారని తీసుకుంటే తర్వాత దాని మీద పట్టు ఉండదు.

"దేవుడున్నాడని ఎలా తెలుసు?" అని మా అమ్మాయి అడుగుతోంది. నాకు జవాబు రాదు.

"అలా అడక్కూడదు" అంటే ఆ ప్రశ్న పోదు, మిమ్మల్ని అడగడం మాత్రం ఆగిపోతుంది. "మంచి ప్రశ్న, నాకు పూర్తిగా తెలియదు, కలిసి చూద్దాం" అనండి, అని నిజంగానే చూడండి. యోహాను 20లో శిష్యుడు తోమా, తిరిగి లేచిన యేసు గాయాలు చూస్తే గానీ నమ్మనన్నాడు. యేసు అతన్ని వెళ్ళగొట్టలేదు, చెయ్యి చాపమన్నాడు. క్రీ.శ. 52లో మన దేశానికి వచ్చాడని సంప్రదాయం చెప్పే అపొస్తలుడు ఆ తోమాయే. చెన్నైలో ఆయన పేరుతో కొండ ఉంది. సందేహపడ్డవాడే అంత దూరం వచ్చాడని తెలిస్తే ఆ వయసు పిల్లలకు ధైర్యంగా ఉంటుంది.

ఫోన్లో బైబిల్ చదువుతానంటే నమ్మొచ్చా?

నమ్మండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదవమనండి. ఒక్క నోటిఫికేషన్ చాలు కీర్తన మధ్యలో రీల్స్‌లోకి వెళ్ళిపోవడానికి. పన్నెండో పుట్టినరోజుకి అచ్చు బైబిల్ ఒకటి, గీతలు గీసుకునే పెన్సిల్‌తో సహా కొనిపెట్టండి.

పిల్లల మీద గట్టిగా అరిచాక ప్రార్థనకు ఎలా కూర్చోమంటారు?

క్షమాపణ అడిగి కూర్చోండి. "నాన్నా, ఇందాక నిన్ను అందరి ముందు అలా అనడం నాది తప్పు. క్షమించు." అంతే, "కానీ నువ్వు కూడా..." అని తగిలించకండి. ఆ "కానీ"తో అడిగిన క్షమాపణ రద్దయిపోతుంది. ఎఫెసీ పత్రిక 6:4 పిల్లలకు కోపం రేపొద్దని చెప్పింది తండ్రులకే. పిల్లల తప్పుల చిట్టా ప్రార్థనలో విప్పడం కూడా మానేయాలి. "ప్రభువా, వీడికి బుద్ధి ఇవ్వు" అని వాడి ముందే అంటే అది దేవునితో మాట్లాడటం కాదు, కళ్ళు మూసుకుని వాడిని తిట్టడమే.

## ఏడాది పొడవునా

డిసెంబరులో స్టార్, కేకు, బట్టలతోనే సరిపోతోంది. పిల్లలకు అసలు సంగతి ఎలా గుర్తుచేయాలి?

లూకా సువార్తకు 24 అధ్యాయాలు. డిసెంబరు 1 నుంచి రోజుకొకటి చదివితే 24 రాత్రికి పూర్తవుతుంది. రెండు చిక్కులున్నాయి. 1వ అధ్యాయంలోనే 80 వచనాలున్నాయి, పిల్లలతో మొత్తం కుదరదు, ప్రతి అధ్యాయం నుంచి 10-15 వచనాలు ముందే గుర్తుపెట్టుకోండి. రెండోది, క్రీస్తు జననం డిసెంబరు 2నే వచ్చేస్తుంది. అందుకే 24 రాత్రి పునరుత్థానం చదివాక మళ్ళీ 2వ అధ్యాయం మొదటి 20 వచనాలకు రండి. బట్టలు కొనేటప్పుడు ఒక జత ఎక్కువ కొని, ఎవరికివ్వాలో పిల్లల్నే చెప్పమనండి.

శ్రమదినాల్లో పిల్లలు ఉపవాసం ఉండొచ్చా?

పన్నెండేళ్ళ లోపు పూట మాన్పించొద్దు. ఇష్టమైనదొకటి మానడం చాలు: చాక్లెట్, కార్టూన్లు, ఆన్‌లైన్ గేమ్. ఆ డబ్బు ఒక డబ్బాలో వేసి ఈస్టర్‌కి ఇవ్వాలి. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారాలు ఉపవాసంలోకి రావు కాబట్టి ఆ రోజు చాక్లెట్ తినొచ్చని చెబితే పిల్లలు చివరిదాకా నిలబడతారు. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనకు ముందు వారంలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు రోజుకొకటి ఇంట్లో చదవండి. అప్పుడు చర్చిలో ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్లలు గుర్తుపడతారు.

సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చా, విశ్వాసానికి పనికొచ్చేలా?

మెదక్ చర్చికి తీసుకెళ్ళండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో జనానికి పని, అన్నం దొరకాలని కట్టడం సాగించారన్న సంగతి అక్కడ నిలబడి చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది. రంగుల గాజు కిటికీల్లో జననం, సిలువ, ఆరోహణం ఉంటాయి. సూర్యుడి వెలుగుకే కనిపిస్తాయి గనుక పగలే వెళ్ళాలి. డోర్నకల్ కథీడ్రల్ 1939లో పూర్తయింది. ఆ పని పెట్టుకున్న అజరయ్య, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. మన గుడుల, మసీదుల పోలికలు ఆ కట్టడంలో ఎక్కడున్నాయో పిల్లల్నే వెతకమనండి. కథోలిక కుటుంబాలకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల ఉత్సవం ఉండనే ఉంది.

మేం అమెరికాలో ఉంటాం. అమ్మమ్మా తాతయ్యలతో కలిసి ప్రార్థన ఎలా కుదురుతుంది?

వారానికి ఒక్కరోజు పెట్టుకోండి, శనివారం రాత్రి. న్యూయార్క్ వైపు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ ఆదివారం ఉదయం ఏడు. తాతయ్య వాళ్ళు చర్చికి బయల్దేరే ముందన్నమాట. వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుగుతుంది గనుక అదే ఎనిమిదిన్నరకు ఇక్కడ ఆరే అవుతుంది. మీరు తొమ్మిదిన్నరకు మార్చుకోలేకపోతే వాళ్ళకు ముందే చెప్పండి, లేదంటే మార్చిలో రెండు వారాలు ఒకరికొకరు ఫోన్ ఎత్తకుండా పోతారు. తాతయ్య తెలుగులో చదవాలి, మనవరాలు ఇంగ్లిష్‌లో ప్రార్థించాలి. వీడియోలో కలిసి పాడితే శబ్దం వెనకాముందూ అవుతుంది, కాబట్టి పాట మాత్రం ఒకవైపు వాళ్ళే పాడాలి. ఒక వారం అమ్మమ్మ, ఒక వారం పిల్లలు.